అత్తమ్మ కాలిగోరు

తొంభైల మధ్యలో మేము ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాక ఇంట్లో పొద్దుపోయేది కాదు. అందుకని మా వీధి చివర ఉన్న బ్యూటీ పార్లర్‌లో పని నేర్చుకోవడానికి చేరాను. దాన్ని నడిపే ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

ఒకసారి అక్క తమ్ముడు దుబాయ్ నుంచి వస్తూ గోళ్లు అరగదీసే కరెంటు మిషన్ తెచ్చాడు. లావుపాటి పెన్నులా ఉండేది. దాని కొసన గరుకు ముక్క ఒకటి గిర్రున తిరిగేది. అలాంటిది మా వీధిలో ఎవరమూ చూడలేదు. అక్క ముందు తన గోళ్ల మీదే పట్టి చూసుకుని, అలవాటయ్యాక నా చేతికిచ్చింది.

నేను ఉత్సాహంగా నా బొటనవేలి గోటి మీద ఆనించి గట్టిగా నొక్కాను. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

అక్క నవ్వింది. "చూసినవా? బరువు పెట్టద్దు. ఒక్క దగ్గర ఆపద్దు, ఆపితే కాలుతది. స్పీడు తక్కువ పెట్టి, ఊకె అటూ ఇటూ జరుపుకుంట పోవాలె. పక్కన తోలుకు తగలనియ్యకు."

నేను సరే అని వంగేసరికి నా జడ ముందుకు జారింది. దాని కొస తిరిగే ముక్క దాకా వెళ్లిందో లేదో, అక్క చటుక్కున ప్లగ్ పీకేసింది. తర్వాత నా జడను తనే ముడి చుట్టింది, పైట నడుములో దోపింది, పొడి పీల్చకుండా ముక్కుకు కర్చీఫ్ కట్టింది. చిన్నపిల్లను బడికి తయారుచేసినట్టు ఆమె అవన్నీ చేస్తుంటే నేను కదలకుండా నిలబడ్డాను.

ఆ ఎండాకాలం మా అత్తమ్మ వచ్చింది. వాళ్లది దుమ్ముగూడెం అవతల పల్లె. పొలం పనులు లేని రోజుల్లో మా దగ్గర కొన్నాళ్లు ఉండి పోయేది. మాటకారి కాదు. వచ్చిన మొదటిరోజు నుంచే ఒకటి గమనించాను. ఎక్కడ కూర్చున్నా కుడికాలు చీరకింద దాచుకునేది. ఎర్రటి ఎండలో కూడా చెప్పులు వేసుకునేది కాదు.

ఒక పొద్దున దుప్పటి మడతపెట్టబోతే దాని దారం ఆమె కుడికాలి బొటనవేలికి చిక్కుకుంది. విడదీద్దామని వంగాను. అప్పుడు చూశాను ఆ బొటనవేలి గోరు. పసుపు పచ్చగా, మందంగా, పైకి లేచి ఉంది.

"ఏందత్తమ్మా ఇది?"

"ఏం లేదు బిడ్డా. పెళ్లైన కొత్తల ఇసుర్రాయి పడ్డది. అప్పటిసంది గట్లనే పెరుగుతది. కత్తితోని చెక్కుత." కాలు లోపలికి లాక్కుంది. "నువ్వు ముట్టుకోకు. మంచిగుండదు."

చెప్పు వేసుకుంటే పట్టీ ఆ గోటికి ఒత్తుకుని ప్రాణం పోతుందట. అన్నేళ్లూ ఎవరితోనూ అనలేదు.

నేను అక్కతో చెప్పాను. పుండు, చీము ఉంటే మనం ముట్టుకోకూడదని, షుగరు ఉన్నా ముట్టుకోకూడదని, ముందు దవాఖానాలో చూపించమని చెప్పింది. చూపించాం. షుగరు లేదని, పాత దెబ్బకు గోరు ముదిరిందని, మెల్లగా అరగదీస్తే ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పింది. అక్క స్పిరిట్‌తో తుడిచిన కొత్త ముక్క పెట్టి మిషన్ ఇంటికిచ్చి పంపింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గోరువెచ్చని నీళ్లలో అత్తమ్మ కాళ్లు కడిగి, పొడిగా తుడిచాను. పీట వేసుకుని ఆ కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను.

"కరెంటు గదా బిడ్డా, షాక్ కొడితే?"

"కొట్టదత్తమ్మా. వేడి తగిలితే వెంటనే చెప్పండి, ఆపేస్త."

మిషన్ గుయ్యిమనగానే ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది. ముందు నా గోటి మీద ఆడించి చూపించాను. తర్వాత ఆమె గోటి మీద అలా అలా తాకిస్తూ, ఎత్తుతూ, మళ్లీ తాకిస్తూ పోయాను. తెల్లటి పొడి రాలింది. మాటిమాటికీ "కాలుతుందా?" అని అడిగాను. కొంచెం సేపటికి భుజం మీది చెయ్యి వదులైంది. తలెత్తి చూస్తే గోడకు చేరగిలబడి నిద్రపోతోంది. నొప్పి పుట్టినా తెలియదని వెంటనే ఆపేశాను. కాలు మాత్రం ఒళ్లోంచి దించలేదు. ఆమె లేచేదాకా అలాగే కూర్చున్నాను.

ఒక్కసారే పలుచన చేయకుండా, రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం తీశాను. ఒకరోజు సాయంత్రం అత్తమ్మ నా పాత చెప్పులు వేసుకుని కూరగాయలకు నాతోపాటు వచ్చింది. దారిలో నాలుగడుగులకోసారి కింద చూసుకుంది. "ఒత్తుకుంటలేదు బిడ్డా," అంది. ఇంటికొచ్చాక మా ఆయనకూ అదే మాట చెప్పింది.

ఊరెళ్లే ముందురోజు, నేను మిషన్ అక్కకు ఇచ్చేద్దామని సర్దుతుంటే అత్తమ్మ చెయ్యి చాపింది. "నాకియ్యి. నీ కాలి గోళ్లు నేను జేస్త."

"వద్దత్తమ్మా. మీరు నా కాళ్లు పట్టుకునుడేంది, పాపం!"

"ఏం పాపం? నా బిడ్డ కాలు నేను వట్టుకుంట. ఇటు చాపు."

నేను ఆమె జుట్టు ముడివేశాను, పైట దోపాను. స్పీడు బాగా తగ్గించి ఇచ్చాను. నా పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, కళ్లు చికిలించి, ఊపిరి బిగబట్టి పని మొదలుపెట్టింది. గోటికి తగిలించడానికి భయపడి సగంసేపు గాలిలోనే తిప్పింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత నా కాలిని ఎవరూ అలా ఒళ్లో పెట్టుకోలేదు. నా కళ్లు నిండాయి.

అది చూసి ఆమె ఉలిక్కిపడి మిషన్ ఆపేసింది. "కాలిందా? జెప్పాలె గద, పిచ్చిదానా!" అని నా గోటి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదసాగింది.

కాలలేదని నేను చెప్పలేదు. ఆమెను అలాగే ఊదనిచ్చాను.