అంచులో నా పేరు

ఆర్ట్ కాలేజీలో చదువు అయిపోయి కోల్‌కతాలో ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులవి. నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ ఓడరేవులో కూలి చేసేవాడు. ఒక యాడ్ ఏజెన్సీలో నన్ను పరీక్షించడానికి, చీరల దుకాణం వాళ్లు దుర్గాపూజకి, అక్కడివాళ్ల మాటలో పూజోకి, చీరలు పెట్టిచ్చే సంచీకి బొమ్మ వేసివ్వమన్నారు. ఇలా వేయించుకుని, ఉద్యోగం ఇవ్వకుండా బొమ్మ మాత్రం వాడేసుకుంటారని స్నేహితురాలు ముందే చెప్పింది. అందుకే చుట్టూ ముగ్గులా వేసిన అంచులో, మెలికల మధ్య, తెలుగులో ‘సరోజ’ అని మళ్లీ మళ్లీ రాశాను. వాళ్ల కళ్లకది ఉత్త తీగ. “బాగుంది, కబురు చేస్తాం” అన్నాడు మేనేజరు. కబురు రాలేదు.

పూజో ముందు నాన్న ఆ దుకాణం నుంచే కొత్త చీర తెచ్చాడు. బెంగాలీ చదవలేని మనిషి, చీర పెట్టిచ్చిన సంచీని తిప్పి తిప్పి చూసి, “ఏటే పిల్లా, దీని సుట్టూ నీ పేరే ఉన్నాదేటి?” అన్నాడు.

మర్నాడే ఆ సంచీ పట్టుకుని ఏజెన్సీకి వెళ్లాను.

“ఇది నువ్వే వేశావని రుజువేంటి?” అన్నాడు మేనేజరు.

అంచు మీద వేలు పెట్టి, ఆఫీసంతా వినపడేలా నా పేరు చదివాను. “నమ్మకపోతే తెలుగువాళ్లని పిలిపించండి సార్. లేదంటే చీరల దుకాణానికే వెళ్లి చదివి వినిపిస్తాను.”

అతని ముఖం పాలిపోయింది. “సరే, సోమవారం నుంచి పనిలోకి రా.”

“మీ ఉద్యోగం నాకొద్దు. నేను గీసిన కాగితం ఇచ్చేయండి” అన్నాను. ఇచ్చేశాడు.

ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ముందు ఆ సంచీ తీసి బల్ల మీద పెట్టేదాన్ని. “నా పేరు అందులోనే ఉంది, చూసుకోండి” అనేదాన్ని.