రంగు కింద పేరు

అది సోమవారం, పొద్దున ఎనిమిది గంటలు, బాన్సువాడ జీపుల అడ్డా. మొన్న మా అల్లుడు కొనబోయే పాత కారు దగ్గర కొత్త రంగు వాసన తగలగానే ఆ పొద్దు మళ్లీ కళ్లముందుకొచ్చింది. బండి చరిత్రంతా ఫోనులో ఉందని, ఏ మచ్చా లేదని అల్లుడు రిపోర్టు చూపించాడు. నాకు దావీదు సారు గుర్తొచ్చాడు.

నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. బీర్కూర్ బడిలో పంతులు; సాయంత్రాలు బాన్సువాడలో మా వాడకొచ్చి పెద్దలకు చదువు చెప్పేవాడు. తొంభైల్లో ఎడ్లజత అమ్మి పాత జీపు కొనబోతూ, నా చదువు చాలదని సారును వెంట తీసుకెళ్లాను. ఆయన ఆర్‌సీ పుస్తకం ఆసాంతం బిగ్గరగా చదివాడు. మొదటి యజమాని పేరు కూడా చదివాడు. మాకది ఒట్టి పేరు.

“కాగితం సాఫుగున్నది రాజన్నా, తీస్కో” అన్నాడు.

జీపును బీర్కూర్ దారిలో కిరాయికి పెట్టాను. ఎవరూ ఎక్కరు. ఎండలో నిలబడి వెనక జీపు కోసం చూస్తారు. గాలిని ఎక్కించుకొని తిరుగుతున్నవా అన్నా అని తోటి డ్రైవర్ల ఎగతాళి. ఎడ్లు పోయాయి, జీపు అన్నం పెట్టదు. చివరికి చాయ్ కొట్టాయన చెప్పాడు: ఈ జీపు కాలువలో పడిందట, మొదటి యజమాని బిడ్డ అందులోనే చనిపోయిందట.

సారును నిలదీశాను. “గా సంగతి పుస్తకంల రాయరా సారూ?”

“బండి ఎవరిదో రాస్తరు. బండిల ఏమైందో రాయరు. నేను చదివిన గని, అడగలే రాజన్నా.”

మర్నాటి నుంచి ఆయన బడికి పోయే బస్సు మానేసి నా జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు. ఒక్కడే. వారాలు గడిచాక ఆయన్ను చూసి ఒకరిద్దరు ఎక్కసాగారు.

ఆ యేటి వానలకు తలుపు మీద రంగు పెచ్చులూడి, కింద అక్షరాలు తేలాయి. కూడబలుక్కొని చదివాను: సు-జా-త. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి పేరు, చచ్చిపోయిన పిల్లది. కప్పేద్దామని ఆ సోమవారం అడ్డాలో రంగు డబ్బా మూత తీశాను. పేరు తేలిందని విని, పిల్ల తల్లి ఎల్లవ్వ బీర్కూర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. తలుపు మీద చెయ్యి పెట్టింది.

“రంగెయ్యకు తమ్మీ. వాళ్ల నాయిన రాపిచ్చిండు.”

సారు ముందు సీటు దిగి, ఆమెను అక్కడ కూర్చోబెట్టి, తాను వెనక్కి పోయాడు. బీర్కూర్ దాకా ఆమె చెయ్యి తలుపు బయటే ఉంది, పేరు మీద.

సారు పోయి చాలా ఏళ్లయింది. అల్లుడితో ఒకటే అన్నాను: “రిపోర్టు చదివినవు. ఇగ గా కారు తిరిగిన గల్లీకి పోయి అడుగు.” అతను మొహం చిట్లించాడు. చిట్లించనీ. అడిగొచ్చేదాకా ఆ కారులో నేను కాలు పెట్టను.

ఆ రోజు అడ్డాలో జీపు దగ్గర ఉన్నది నేను, దావీదు సారు, ఎల్లవ్వ, సుజాత.