అరవని మంచాలు

ఒడిశా రాయగడలో మా తాతగారి టోకు కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కొట్టు పోయింది, పద్ధతులు పోలేదు. కాన్పులో ఆడది గొంతెత్తకూడదన్నది వాటిలో ఒకటి. మా నాయనమ్మ ఎత్తలేదు, మా అమ్మ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కూతురికీ అదే చెప్పి సర్కారు ఆసుపత్రిలో చేర్పించాను. ఏ ఊరి ఆసుపత్రో రాయను.

కాన్పుల వార్డంతటికీ నర్సు ఒక్కతే. అందరూ దిది, అంటే అక్క, అని పిలిచేవారు. పార్వతీపురం వైపు పిల్ల. నడవా చివర ఉన్న పసిపిల్లల గదినీ ఆమే చూసుకోవాలి. ముందురోజు పొద్దున డ్యూటీకి వచ్చిన మనిషి, బదులు ఎవరూ రాక అక్కడే ఉండిపోయింది. నా కళ్ళముందే కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, గోడకేసి చూస్తూ నిలబడి, కడిగిన సంగతి మరిచి మళ్ళీ కడుక్కుంది.

అంత అలిసిన మనిషికి తెలిసే దారి ఒక్కటే: అరుపు వినబడ్డ మంచం దగ్గరికి పరుగెత్తడం. మాది అరవని మంచం.

"ఏటమ్మీ, నొప్పులు రాలేదేటి ఇంకా?"

"వస్తన్నాయి దిదీ," అంది నా కూతురు పళ్ళు బిగబట్టి.

"వస్తే ఇలాగుంటావేటి? ఆ మూల మంచం సూడు, పైకప్పు లేపేస్తంది. నీకింకా టైముంది," అని మమ్మల్ని దాటిపోయింది.

పక్క మంచం మీద కుందుర వైపు కొండపల్లె ఆదివాసీ పిల్ల. ఆమె కూడా అరవదు. ఇనపకమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమె అత్త, సంతలో నేర్చిన తెలుగులో, "నీ పిల్ల, నా కోడలు ఒకే బడి సదివినారు," అని నవ్వింది. నేనూ నవ్వాను.

కాసేపటికి ఆ పక్క మంచం మీద బిడ్డ పుట్టేసింది. పట్టుకునే చెయ్యి లేదు. అత్త వెళ్ళి దిదిని లాక్కొచ్చేసరికి బిడ్డ నీలంగా ఉంది. దిది ముక్కూ నోరూ తుడిచింది, వీపు రుద్దింది, రబ్బరు సంచీ నొక్కి ముక్కులోకి గాలి కొట్టింది. బిడ్డ ఏడవలేదు. తల్లీ ఏడవలేదు. అంతలో మూల మంచం కేక పెట్టింది. గుడ్డలో చుట్టిన బిడ్డను అత్త చేతికిచ్చి దిది అటు వెళ్ళిపోయింది. ఆమెను లాగి కొట్టాలనిపించింది నాకు.

నా కూతురు కొరుక్కున్న పెదవి మీద నెత్తురు కనబడింది.

"కేకెయ్యమ్మీ! గట్టిగా కేకెయ్యి!"

నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

నేనే అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. దిది పరుగున వచ్చింది. మనవరాలు పుట్టింది, ఏడ్చింది.

మర్నాడు ఒక ఆఫీసరు వచ్చాడు. దిదిని మంచాల మధ్య నిలబెట్టి, పక్క మంచం బిడ్డ పోయింది ఆమె నిర్లక్ష్యం వల్లేనన్నాడు. కొండపల్లె అత్త నేల చూస్తూ కూర్చుంది.

"ఆ నర్సు పిల్ల ఇంటికెళ్ళి ఎన్నాళ్ళైందో అడిగేరా? దానికి బదులు మనిషినెందుకెట్టలేదు?" అన్నాను.

"మీ బిడ్డ బాగానే ఉంది కదమ్మా, మీకెందుకు?"

"మా మంచం అరిచింది కాబట్టి బాగుంది. ఈవిడ కోడలు అరవలేదు. అరవనోళ్ళ బిడ్డలు బతకక్కర్లేదేటి?"

"మెల్లగా మాట్లాడండి. ఇది ఆసుపత్రి."

"మెల్లగా ఉన్నంతసేపూ మమ్మల్ని ఎవులూ సూడలేదు," అన్నాను, ఇంకా గట్టిగా.