రెండు పిక్సెళ్ల అక్క

మా ఆఫీసులో ఆవిడను అందరూ రెండు పిక్సెళ్ల అక్క అనేవాళ్లు. పిక్సెల్ అంటే తెర మీద ఉండీ లేనట్టుండే చుక్క. ఒక బటన్ అలాంటి రెండు చుక్కలంత పక్కకు జరిగినా గది ఆ చివర నుంచే పట్టేసేది. "తమ్ముడూ, అది కుడివైపుకి పోయింది, లాగు" అనేది. కొలిచి చూస్తే నిజమే. మొదట్లో మాకు ఒళ్లు మండేది, తర్వాత్తర్వాత బయటివాళ్లకు గొప్పగా చెప్పుకునేవాళ్లం.

వాళ్ల నాన్న దుకాణాల బోర్డులు రాసేవాడట. ఆయన నిచ్చెన మీదుంటే, రోడ్డుకు అవతల నిలబడి ఏ అక్షరం వంగిందో అరిచి చెప్పడం చిన్నప్పుడు ఈవిడ పని. ఆ కళ్లతోనే వచ్చి, ఆసుపత్రులకు అపాయింట్‌మెంట్ యాప్‌లు చేసే మా జట్టులో పదకొండేళ్లు డిజైనర్‌గా పనిచేసింది. ప్రతి తెరా తయారయ్యాక చూసి టిక్కు పెట్టేది. నేను టెస్టర్‌ని. ఆవిడ తర్వాత అన్నీ నొక్కి చూసి ఆఖరి టిక్కు పెట్టడానికే నాకు జీతం. నిజం చెప్పొద్దూ, ఏది ఎలా కనబడుతోందో నేనెప్పుడూ చూసిన పాపాన పోలేదు. ఆవిడ చూశాక నేను చూడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

కిందటేడు ఒక మధ్యాహ్నం అక్క గ్లాసులో పోయాల్సిన నీళ్లు బల్ల మీద పోసింది. నవ్వబోయి ఆగాను. కొన్నాళ్లుగా ఆవిడ మనుషుల్ని తల పక్కకు తిప్పి చూడటం, తెర మీద రంగు చూడకుండా దాని కోడ్ అంకెల్ని పెద్దవి చేసుకుని చదవడం అప్పుడు గుర్తొచ్చాయి.

"ఎదురుగా ఉన్నదే కనబడట్లేదు, తమ్ముడూ," అంది తుడుస్తూ. "నడిమధ్యంతా మసక. పక్కల నుంచి మాత్రం కాస్త కనబడుతోంది. ఇంక తగ్గదన్నాడు డాక్టరు."

"ఆఫీసులో చెబితే పోదా అక్కా?"

"కళ్లు పోయిన డిజైనర్ని పనిలో ఎవడుంచుకుంటాడు? నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇది కూడా పోతే నేనేం మిగులుతాను చెప్పు?"

ప్రాణం పోయినా నోరు విప్పనన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. అందుకు నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు.

యాప్‌కి కొత్త రూపం ఇచ్చారు, అంతా తెలుపు. రంగుల పట్టికలో నీలం బటన్‌కి కోడ్ రాయాల్సిన చోట అక్క పై వరసలోని కోడ్ దించింది. అది తెలుపుది. తెల్ల బటన్ మీద తెల్ల అక్షరాలు, తెల్లగోడ మీద సున్నంతో రాసినట్టు. అక్క టిక్కు పెట్టింది. నలభై తెరలున్నాయి, నాకు ఇంటికి వెళ్లే తొందర. ఆ తెర తెరవకుండానే నేనూ టిక్కు పెట్టాను.

రోగులు డాక్టరును, తేదీని, సమయాన్ని ఎంచుకుని, ఖాయం చేసే బటన్ కోసం వెతుకుతూ ఉండిపోయారు. పది నిమిషాలకు ఆ సమయం రద్దయిపోయేది. రెండు రోజులు ఇదే తంతు. ఆసుపత్రివాళ్లు వచ్చి మా మేనేజరును నానా మాటలూ అన్నారు.

"ఇంతమందిలో ఒక్కరూ చూడలేదా?" మేనేజరు బల్ల మీద కొట్టి నావైపు తిరిగాడు. "నువ్వు చూశావా లేదా?"

"నేను చూసినప్పుడు బాగానే ఉందండీ. ఆ తర్వాత మార్చారేమో."

అబద్ధం అంత సులువుగా నా నోట వస్తుందని నాకే తెలియదు. అక్క మొహం పక్కకు తిప్పుకుంది. సిగ్గుపడిందనుకున్నారు అందరూ. ఆవిడ నన్నే చూస్తోందని తెలిసింది నాకొక్కడికే. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"అవునండీ, నేనే మార్చుంటాను," అంది అక్క.

ఎప్పుడు ఎవరు ఏం మార్చారో కంప్యూటర్లో రికార్డు ఉంటుంది. తప్పు ఒప్పుకున్న మనిషి దొరికాక అది తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది? కళ్ల సంగతి అక్క చివరిదాకా చెప్పలేదు. నిర్లక్ష్యం అని రాసి పంపించేశారు.

పది రోజులు అన్నం సహించలేదు. పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. పుస్తకాలు బైండింగ్ చేసే వాళ్లాయన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి లోపలికెళ్లాడు. అక్క ఉతికిన బట్టల్ని అంచులు తడుముతూ మడతపెడుతోంది.

"అక్కా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఆ తెర నేను తెరవనే లేదు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"తెరవలేదా? నువ్వు చూస్తే బాగుందన్నావు కదా. అయితే ఆ తర్వాత తెలియకుండా నేనే ఎక్కడో చెయ్యి తగిలించి చెడగొట్టాననుకున్నాను. అప్పట్నుంచీ పొయ్యి కట్టేశానో లేదో కూడా ఆయన్నే చూడమంటున్నాను."

క్షమించమన్నాను. ఏమని అడిగానో, ఎన్నిసార్లు అడిగానో గుర్తులేదు.

"నాకు కనబడదని ఆఫీసులో తెలిసినవాడివి నువ్వొక్కడివే కదరా," అంది అక్క. "వెనక నువ్వు చూస్తావన్న ధైర్యంతోనే అన్నాళ్లూ టిక్కు పెట్టాను."