నా పాటకు నేను సాయం చేసిన్నంట

ఛత్రినాకల మా ఇంటి ముందట గదిల అత్తమ్మ పొద్దుగాల పూలు గుచ్చుతది. మా ఆయన గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూలు, చామంతులు గది నిండ పరిచి ఉంటయి. పిల్లలు బడికి పోయినంక అదే గదిల ఒక మూలకు నేను కీబోర్డ్ పెట్టుకొని కూసుంట. నాకు సంగీతం ఎవ్వరు నేర్పలే. ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న. సినిమా పాటలు వాయించుడు వచ్చినంక, నాదంటూ ఒక ట్యూన్ ఉండాలె అనిపించింది.

ట్యూన్ ఎట్ల మొదలుపెట్టాల్నో తెల్వక ముందుగాల కార్డ్స్ పట్టుకున్న. మూడు స్వరాలు ఒక్కసారి నొక్కితే ఒక కార్డ్. సి మేజర్, ఎ మైనర్, ఎఫ్ మేజర్, జి మేజర్. ఎడమ చేతితోని అవే తిప్పి తిప్పి వాయిస్తుంటే కుడిచేతికి ట్యూన్ మెల్లగ దొరికింది. కానీ అది యాడనో విన్నట్టే ఉండె. మస్తు తిప్పలు పడ్డ. ఆఖరికి జి తీసేసిన. మూడో కార్డ్‌లనే నడిమి వేలు పక్కనున్న నల్ల కీ మీదికి జరిపితే అది ఎఫ్ మైనర్ అయితది. అది పెట్టిన. సంబురంగ పోతున్న పాట గక్కడ గుండెల ఏదో గుర్తుకొచ్చినట్టు మెత్తవడ్డది. ఆ రోజు అన్నం గూడ సరిగ్గ తినలే, అంత సంతోషం.

మా బావ, అంటే మా ఆయన అన్న, పెండ్లిళ్లల్ల ఆర్కెస్ట్రా నడిపిస్తడు. పై అంతస్తుల ఉంటడు. చాయ్ తాగుతందుకు కిందికి వచ్చి నా ట్యూన్ విని, బాగుందన్నడు, ఫోన్ల రికార్డ్ చేసుకున్నడు. నేను మురిసిపోయిన.

తర్వాత మాదన్నపేటల చుట్టాల పెండ్లికి పోయినం. స్టేజీ మీద బావ మైకు పట్టుకొని, ఇది తను సొంతంగ కట్టిన పాట అని చెప్పి, నా ట్యూన్‌కు మాటలు పెట్టి పాడిండు. ప్లేటు నా చేతిలనే ఉండిపోయింది. పేరు ఎత్తుకపోయిండన్న కోపం ఒకటి. దాని కన్న పెద్దది ఇంకోటి. ఎఫ్ మైనర్ రావాల్సిన కాడ కీబోర్డ్ వాయించేటాయన ఎఫ్ మేజర్‌నే సాగదీసిండు. నేను దినాలకు దినాలు కూసొని ఎతికి పట్టుకున్నదాన్ని తుడిచిపెట్టిండ్రు. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

తెల్లారి అడిగిన. ఆయనకు తప్పు చేసినట్టే లేదు. ఇంట్ల మనుషులకు నీది నాది అని ఉంటదా అన్నడు. గా కార్డ్స్ లోకంల అందరు వాయించేటియే గదా అన్నడు.

"మరి ఎఫ్ మైనర్ ఎందుకు తీసేసిండ్రు?" అని అడిగిన.

"అది ఏడుపు లెక్క ఉండె అమ్మా. నువ్వు తెల్వక పెట్టినవ్, మేము సరిచేసినం."

సరిచేసిండ్రంట. నాకు ఒళ్లంత మండింది. మా ఆయన దిక్కు చూసిన. ఇంత చిన్నదానికి లొల్లి ఎందుకన్నడు. అత్తమ్మ ఒక్కతే పూల మీదికెళ్లి తల ఎత్తి, "అది పిల్ల కట్టిన పాటనే రా, నేను కూసొని విన్న," అన్నది. బావ నవ్వి మెట్లెక్కి పోయిండు.

కొన్ని నెలలకు ఆర్కెస్ట్రాల కీబోర్డ్ ఆయనకు పానం బాగలేదని, నన్ను వాయించుమని బావ అడుగవచ్చిండు. పాట నాదని మైకుల చెప్పాలె, నేను పెట్టిన కార్డ్స్‌తోనే పాడాలె అన్న. ఒప్పుకున్నడు. స్టేజీ ఎక్కినంక మల్ల "నా సొంత పాట" అనే మొదలుపెట్టిండు. నేను కీబోర్డ్ మీదికెళ్లి చేతులు తీసి ఒళ్లె పెట్టుకున్న. డ్రమ్స్ ఆయన నా దిక్కు చూస్తుండు. ఆ పాట మొదలైతేనే లోపలికి రావాల్సిన పెండ్లిపిల్ల వాకిట్లనే నిలవడ్డది. బావ దగ్గరికొచ్చి, వాయించుమని పండ్లు కొరికిండు.

"పేరు చెప్పుండ్రి, వాయిస్త," అన్న.

మైకుల చెప్పిండు. ఏమని? "ఈ పాటకు మా తమ్ముని భార్య గూడ కొంచెం సాయం చేసింది."

పెండ్లిపిల్లను నిలవెట్టుడు పాపమని వాయించిన. మైనర్‌ను మైనర్ లెక్కనే వాయించిన, ఆయన ఎనక్కి తిరిగి గుర్రుగ చూసినా ఆపలే. పాట అయిపోంగనే కీబోర్డ్ సంచిల పెట్టుకొని, భోజనానికి గూడ ఆగకుంట ఆటోల ఇంటికొచ్చిన. తొవ్వ పొడుగుత గా 'కొంచెం' అన్న మాటనే చెవులల్ల మోగింది.

ఇప్పటికి గల్లీల అది బావ పాటనే. మొన్న మా ఆయనతోని అడిగిపిచ్చిండు, ఇంకో ట్యూన్ ఉంటే ఇయ్యుమని. ఉన్నది. కానీ ఇయ్యనని చెప్పి పంపిన. మా ఆయన రెండు రోజులు ముఖం ముడుచుకున్నడు. ముడుచుకోనీ.