మాండ్వా నుంచి మురుడ్‌కు: ఆమె తెరచాప పడవలో, నేను బస్సులో

ఈ ప్రయాణం మా ఆవిడ సులోచన పట్టుదలతో మొదలైంది. ఆమెది గోదావరి ఒడ్డున బాబ్లీ, ఈదుతూ పెరిగింది. నేను నాందేడ్‌లో రైల్వే ఉద్యోగిని, మోకాలి లోతు నీళ్లలో కూడా దిగని మనిషిని. యాభై నిండేలోపు తెరచాప పడవలో సముద్రం మీద పోవాలన్నది ఆమె కోరిక. ముంబై నుంచి వెళ్లే పెద్ద క్రూయిజ్ ఓడ చూపించాను. లిఫ్టు ఉంది, డాక్టరు ఉన్నాడు. "అది ఓడ కాదు, నీళ్లమీద లాడ్జి" అంది. పడుకోవడానికి క్యాబిన్లున్న చిన్న ఓడ ఆమెకు నచ్చింది కానీ, రెండు రాత్రులంటే నా గుండె జారింది. చివరికి నలుగురు పట్టే తెరచాప పడవ, మాండ్వా నుంచి మురుడ్‌కు ఒక్క పగటి ప్రయాణం, మనిషికి ఆరు వేలు దగ్గర రాజీపడ్డాం.

"భయమైతే ఇప్పుడే చెప్పు" అంది రైలెక్కేముందు.

"భయమేంది? నడువ్" అన్నాను.

సాయంత్రం నాందేడ్‌లో ఎక్కితే పొద్దునకు పన్వేల్. అక్కడి నుంచి మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సులో అలీబాగ్ రెండున్నర గంటలు. ఆ రోజు అక్కడే ఉండి, మర్నాడు ఏడింటికల్లా ఆటోలో మాండ్వాలో పడవలాగే జెట్టీ చేరాం. పడవ నేను ఊహించుకున్న దానిలో సగం కూడా లేదు. పుణె నుంచి వచ్చిన ఒక జంట అప్పటికే లైఫ్ జాకెట్లు తొడుక్కుని కూర్చుంది. సులోచన గడప దాటినంత తేలిగ్గా పడవలోకి దిగింది. నా వంతు వచ్చింది. జెట్టీకీ పడవకూ మధ్య సందు పెద్దదవుతోంది, చిన్నదవుతోంది, అడుగున నల్లని నీళ్లు. పడవ నడిపే మరాఠీ ఆయన "కాకా, చెయ్యియ్యండి" అన్నాడు. నా కాలు కదల్లేదు.

"నాతోని కాదు" అన్నాను.

ఆమె కూడా పడవలోంచి వెనక్కి వచ్చేస్తుందనుకున్నాను. ఆమె లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుంది. "నువ్వు బస్సుల మురుడ్‌కు రా. నేను పోతా."

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నేంది? ముగ్గురున్నరు కద."

తాడు విప్పేశారు. మూడున్నరకు చేరతామని పడవాయన అరిచి చెప్పాడు.

అలీబాగ్ తిరిగొచ్చి మురుడ్ బస్సెక్కాను. రేవదండా మీదుగా రెండు గంటల దారి. కుడివైపు కిటికీ సీటు దొరికితే సముద్రం కనిపిస్తుంది. కొబ్బరిచెట్ల మధ్య తెల్లగా ఏది మెరిసినా తెరచాపేమోనని లేచి చూశాను. ఫోన్ చేస్తే అందుబాటులో లేదనే మాటే. మురుడ్‌లో అన్నం సహించలేదు. మూడున్నర అయింది, అయిదు అయింది. పడవ రాలేదు.

జెట్టీ మీద వల సర్దుతున్న ఒక కోలీ బెస్త ముసలమ్మ నన్ను చూసి, ఎవరి కోసమని మరాఠీలో అడిగింది. చెప్పాను. "దర్యా శాంతంగనే ఉంది కద బాబా" అంది, సముద్రం వైపు చెయ్యి చూపి.

"శాంతంగ ఉంటే ఇంకా రాలేదేంది?" అన్నాను. ఆమె మళ్లీ వల అందుకుంది. నేను పోలీసులకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

ఎండ ఎర్రబడ్డాక సముద్రంలో ఉన్న కాసా కోట పక్క నుంచి తెరచాప కనిపించింది. సులోచన దిగేటప్పటికి ముఖం కమిలిపోయి ఉంది, పెదాల మీద ఉప్పు. నేను ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"పొద్దుగాల గాలి ఆగిపోయింది. ఒకటే ఊగుడు. రెండుసార్లు కక్కిన. మస్తు భయమైంది, అబద్ధమెందుకు."

"చూసినవా, అందుకే నేను..."

"నువ్వుంటే నీ మొహమే చూస్కుంట కూసునేదాన్ని. లేవు గనక సముద్రాన్ని చూసిన."

ఆ మాట గుచ్చుకుంది. కానీ అబద్ధం కాదు. పాతికేళ్లుగా నా భయాన్ని జాగ్రత్త అనే పేరుతో ఆమెకు కూడా తొడుగుతున్నానని ఆ జెట్టీ మీద తెలిసింది. పెద్ద ఓడా, చిన్న ఓడా, తెరచాపా అని నెలరోజులు వాదించుకున్నాం గానీ, ఇద్దరం ఒకే దాంట్లో ఎక్కాలా అని ఎవరం అడగలేదు. ఇది రాస్తుంటే పక్క గదిలో ఆమె రెండు రాత్రుల ప్రయాణం గురించి ఫోన్లో వాకబు చేస్తోంది. పొమ్మన్నాను. అన్నప్పటి నుంచి వాతావరణ వార్తలే చూస్తున్నాను.

మీరు వెళ్లాలనుకుంటే ఒక్క మాట: డబ్బు కట్టకముందే జెట్టీకి వెళ్లి, కట్టేసి ఉన్న పడవలో పది నిమిషాలు నిలబడి చూడండి. ఏ ఓడ ఎంచుకోవాలో మీ కాళ్లే చెబుతాయి.