అంచులు పట్టుకునే అత్తయ్య

మా అత్తయ్య ఏ వస్తువునైనా అంచులే పట్టుకుంటుంది. కంచమైనా, ఫోటో అయినా, అద్దమైనా అంతే. పెళ్లయిన కొత్తలో రోడ్డు దాటేటప్పుడు తన చెయ్యి కూడా చిటికెనవేలి దగ్గరే పట్టుకునేదని మామయ్య ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఆవిడ పని అలాంటిది. రేడియో విప్పితే లోపల ఆకుపచ్చ పలక కనిపిస్తుంది చూడండి, దానికి ముడి సరుకు తయారయ్యేది వీళ్ల ఫ్యాక్టరీలోనే. గట్టి అట్టకి రెండువైపులా రాగి రేకు అంటిస్తారు. ఆ రాగి మీద ఉత్త చెయ్యి పడిందా, వేలిముద్ర నల్లబడిపోతుంది, తర్వాత కరెంటు పారే గీతలు అచ్చేస్తే అక్కడ ఇంకు పట్టదు. అందుకే గ్లౌజులు, అందుకే అంచులు.

నాకు బుడ్డిది పుట్టాక మాత్రం నవ్వు రాలేదు. సోమవారం రాకపోతే నా మిషన్ మీద ఇంకొకర్ని కూర్చోబెడతానని టైలరు షాపు ఓనరు చెప్పేశాడు. అత్తయ్యది పొద్దున షిఫ్టు, నాది మధ్యాహ్నం. పిల్లని ఆవిడే చూసుకోవాలి. ఆవిడేమో చంకల కింద రెండువైపులా పట్టుకుని, ఒంటికి తగలకుండా దూరంగా ఎత్తుకుంటుంది. బుడ్డిది ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. "అమ్మా, అది నీ మనవరాలే, రాగి రేకు కాదు" అని మా ఆయన అంటే ఆవిడ మొహం చిన్నబోయేది. నాకు పాపం అనిపించేది గానీ, దాచడమెందుకు, నా మిషన్ బెంగే ఎక్కువ.

శనివారం మధ్యాహ్నం బుడ్డిదానికి కడుపునొప్పి. మెలికలు తిరిగిపోతోంది. ఎత్తుకుని ఎత్తుకుని నా చేతులు పడిపోయి అత్తయ్యకిచ్చా. ఎప్పట్లాగే అంచులు పట్టుకుంది. పిల్ల నడుం దగ్గర ముడుచుకుపోయింది. ఆవిడ కాసేపు దాన్నే చూసి నా వైపు తిరిగింది.

"ఏమ్మా, ఇది పల్చ సరుకు. ముందే చెప్పొచ్చుగా."

పల్చ రేకుని అంచులు పట్టుకుంటే మధ్యలో మడత పడి పాడైపోతుందట. దాన్ని ముంజేతుల మీద పరుచుకుని, ఒంటికి ఆనించుకుని నడవాలట. అలా చెబుతూనే బుడ్డిదాన్ని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుంది, తల మోచేతి మడతలో పెట్టి, రెండో చెయ్యి వీపుకి ఆనించి, కుదుపన్నది లేకుండా గదంతా తిరిగింది. ఏడుపు సన్నబడింది. ఓ త్రేన్పు వచ్చింది. కాళ్లు రెండూ వేలాడేసి నిద్రపోయింది బుడ్డిది.

చెయ్యి తిమ్మిరెక్కుతుంది, ఇటివ్వండి అత్తయ్యా అన్నా.

"నువ్వెళ్లి నీ కత్తెరెక్కడుందో వెతుక్కో" అంది, పిల్ల లేవకుండా మెల్లిగా. "ఎల్లుండి పనికెళ్లాలిగా."